పొద్దున నలభై నిమిషాలు

అలిపిరి మెట్లెక్కడం మొదలుపెట్టి మూడు నెలలయింది. పైదాకా 3,550 మెట్లు. నేనన్నీ ఎక్కను. ఇరవై నిమిషాలు ఎక్కుతా, కాసేపు కూర్చుంటా, దిగొచ్చేస్తా.

వేసవిలో బీపీ చూసి డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది, నడవమని. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాలు నడకలాంటి శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. నాకెక్కడిది? రెండు క్యారియర్లు, అత్తమ్మ మందులు, తొమ్మిదిన్నరకి ఆఫీసు. మొదటివారం మెట్టు మెట్టుకీ ఇల్లే గుర్తొచ్చేది. పొయ్యి దగ్గర ఆయన ఒక్కడే తంటాలు పడుతుంటే నేనిక్కడ ఏం చేస్తున్నానా అని.

ఒకరోజు ఒక అవ్వ, మొక్కు కాబోలు, వంగి ప్రతి మెట్టుకీ పసుపు పూసి కుంకుమ పెడతా ఎక్కుతోంది. నేను రొప్పుతా నిలబడితే పక్కకి జరిగింది. "కూచ్చో మా. కొండ యాడికి పోతాది?" అంది. కూర్చున్నా. చెట్లలో గాలి తప్ప ఏమీ వినబడలేదు. అంత నెమ్మదిగా ఊపిరి పీల్చుకుని ఎన్నేళ్లయిందో! కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

ఇప్పుడు ఇంట్లో దోసెలు ఆయనవే. మొన్నటిదాకా పెనానికి అతుక్కునేవి, ఇప్పుడు బాగా వస్తున్నాయి.

ఈరోజు ఆఫీసులో చెప్పులు విడిస్తే మడమకి ఇంకా పసుపు ఉంది. తుడవబుద్ధి కాలేదు.