విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, చెన్నై చుట్టూ తిరిగి

మ్యాపు మీద తిన్నగా గీత గీస్తే విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 1,225 కిలోమీటర్లు. చెన్నై నుంచి 1,370 దాకా ఉంటుంది. అంటే అండమాన్‌కు చెన్నైవాళ్ల కంటే మనమే దగ్గర. అయినా ఆగస్టులో మాకు దొరికిన టికెట్లు చెన్నై మీదుగానే. ముందు నైరుతి దిక్కుగా 600 కిలోమీటర్లు పోయి, విమానం మారి, మళ్లీ తూర్పుకు తిరగాలి. ముక్కెక్కడ అంటే తల చుట్టూ చేయి తిప్పి చూపించినట్టు, మొత్తం దూరం 2,000కు దగ్గరపడింది. విశాఖ రేవు నుంచి ఓడ ఉంది కానీ, అది ఎప్పుడో గానీ కదలదు, కదిలితే రెండున్నర రోజులు. వానాకాలపు సముద్రం మీద అంతసేపు కడుపు పట్టుకుని కూర్చునే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

చెన్నైలో విమానం లేచిన కాసేపటికి, ఎదురుగాలి వల్ల కొంచెం ఆలస్యం కావచ్చని పైలట్ చెప్పారు. కింద నైరుతి రుతుపవనం అండమాన్ వైపు వీస్తుంటే పైన ఎదురుగాలి ఎక్కడిది అని పక్క సీటాయన ఆశ్చర్యపోయారు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు దక్షిణ భారతం మీదుగా చాలా ఎత్తులో తూర్పు నుంచి పడమరకు బలమైన గాలి ప్రవాహం సాగుతుంది. దాన్ని 1950లలో వెలుగులోకి తెచ్చిన శాస్త్రవేత్త మన నెల్లూరువారే, పంచేటి కోటేశ్వరం. ఆ సంగతి చెబితే, పక్క సీటాయనకు గాలి కంటే నెల్లూరు మీదే ఆసక్తి పుట్టింది.

రెండు గంటలు దాటాక మబ్బుల సందులోంచి ముదురాకుపచ్చ అడవి, దాని అంచున సన్నటి తెల్లని నురగ గీత కనిపించాయి. దిగింది 2023లో ప్రారంభించిన కొత్త టెర్మినల్‌లో. ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అయింది, ఆటో డ్రైవరు మాత్రం ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే అంటున్నాడు. మా మాట విని అతనే తెలుగులో పలకరించాడు.

"వైజాగా సార్? మా తాతది టెక్కలి. ఓడలో వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను మెయిన్‌లాండ్ చూసింది రెండుసార్లే."

ఇందులో వింతేమీ లేదు. 2011 లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే.

నన్ను తికమక పెట్టింది పొద్దు. ఆరు కాకముందే సూర్యుడు అస్తమించాడు. విశాఖలో ఆ రోజుల్లో ఆరుంబావు దాటినా వెలుతురుంటుంది. ఇక్కడి నుంచి మయన్మార్‌లోని యాంగోన్ 700 కిలోమీటర్లే, చెన్నై దూరంలో సగం. అయినా గడియారం భారతదేశానిది, కాబట్టి పొద్దు మనకంటే ముప్పావుగంట ముందు నడుస్తుంది. సాయంత్రం సెల్యులార్ జైలు చూద్దాం అనుకునేవారు మధ్యాహ్నం కునుకు మానుకోవాలి.

తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనకనుంచి తోసింది. వెళ్లేటప్పటి కంటే ఇరవై నిమిషాలు ముందే చెన్నైలో దిగాం. విశాఖ విమానానికి ఇంకా నాలుగు గంటలుంది. ఇడ్లీలు తిని, కాఫీలు తాగి, ఫోన్లు ఛార్జింగు పెట్టుకుని కూర్చున్నాం.