మామ్మ బుగ్గ మీద బొటనవేలు

నేను వేసిన మామ్మ బొమ్మకి నిన్న సాయంత్రం బొమ్మల ప్రదర్శనలో ఎంట్రీ దొరికింది. రసీదు చేతికొచ్చాకే మనసు కుదుటపడింది. కానీ బొమ్మ ఇచ్చేచోట జరిగినదానికి వచ్చిన కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

నేను బొమ్మలు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. శ్రీకాకుళంలో ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తాను. పగలు బిల్లులు రాసే బాల్ పెన్నుతోనే రాత్రి బొమ్మలు వేస్తాను. పోర్చుగల్‌లో శామ్యూల్ సిల్వా అనే లాయరు ఇలాగే సొంతంగా నేర్చుకుని, బాల్ పెన్నుతో వేసిన ఎర్రజుట్టు అమ్మాయి బొమ్మ 2012లో ప్రపంచమంతా తిరిగింది. నాకు ధైర్యం అక్కడ వచ్చింది.

మామ్మ అడ్డపొగ తాగుతుండగా ఫోన్లో ఫోటో తీశాను. చుట్ట నిప్పు వైపు నోట్లో ఉంటుంది కదా, బుగ్గలు లోపలికి పీక్కుపోయి ముడతలన్నీ పెదాల దగ్గరికి చేరతాయి. ఏ3 షీటు మీద పెన్సిల్‌తో లేతగా గళ్లు కొట్టి, 23 రాత్రుళ్లు వేశాను. పెన్ను గీత చెరపడానికి లేదు. తెలుపు కావాలంటే కాగితాన్నే వదిలిపెట్టాలి. నాలుగు గీతలకోసారి మొనను గుడ్డకి తుడవాలి, లేకపోతే ఇంకు ముద్దకట్టి ముక్కుపుడక మీద పడుతుంది.

ఫారం నింపడం, ఫోటోలు అంటించడం పది నిమిషాల పని. అసలు నరకం బొమ్మ ఇచ్చే టేబుల్ దగ్గర. అక్కడ కూర్చున్నాయన బొమ్మ వైపు ఒక్క క్షణం చూసి, "జిరాక్స్ తీసుకోం బాబూ" అన్నారు. పెన్నుతో వేశానండీ అన్నాను. ఆయన బొటనవేలు నాలికకి తడి చేసుకుని మామ్మ ఎడమ బుగ్గ మీద రుద్దారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకు చెదరలేదు. "చూశావా, పెన్నయితే అలుక్కుపోవాలి కదా" అని వెనకాల లైనులో ఉన్నవాళ్లందరికీ వినిపించేలా చెప్పారు. పక్కన ఎవరో నవ్వారు. బాల్ పెన్ను ఇంకు నూనెతో కలిపినది, ఆరాక నీళ్లకి కరగదు. ఆ మాట చెబితే, "నాకు పాఠాలు చెప్పకు" అన్నారు. పైగా ఫారంలో నీటిరంగులు, ఆయిల్, పెన్సిల్ మాత్రమే ఉన్నాయట, పెన్నుకి గడి లేదట.

గంటన్నర గోడవారన నిలబడ్డాను. వెళ్లిపోదామనుకున్నాను కూడా. అప్పుడు బొమ్మ అంటించిన అట్టని అక్కడే ఊడబెరికాను. షీటు తిరగేసి, కళ్ల కింద నల్లగా నొక్కి వేసిన చోట వేలు పెట్టి చూడమన్నాను. కాగితం వెనక్కి గరుకుగా పొంగి ఉంది. జిరాక్స్‌కి వెనకవైపు నున్నగానే ఉంటుంది. ఆయన వేలు పెట్టలేదు. పిల్లల బొమ్మలు తెచ్చిన ఒక పెద్ద డ్రాయింగ్ మాస్టారు పెట్టారు. కళ్లు మూసుకుని నెమ్మదిగా తడిమి, "ఇది చేత్తో వేసిందేనండీ, ముడత ముడతా తెలుస్తోంది" అన్నారు. తర్వాత టేబుల్ దగ్గరాయన ఫారంలో పెన్సిల్ అన్నచోట కొట్టేసి "పెన్ను" అని రాసి రసీదు ఇచ్చారు. క్షమించమనే మాట మాత్రం రాలేదు.

చిత్రకారుడు వడ్డాది పాపయ్య గారు 1921లో పుట్టిన ఊరు మాది. ఇక్కడ బొమ్మ పట్టుకుని వచ్చినవాడిని దొంగలా చూడటం నాకు బాధగా ఉంది. ఈ జిల్లాలో అడ్డపొగ బుగ్గని నాకన్నా బాగా వేసినవాడిని నేనింకా చూడలేదు. ఆ మాట ఎక్కడైనా చెబుతాను.

మీరు ఇలాంటి బొమ్మ ఇవ్వదలిస్తే రోజూ వేసినంతవరకూ ఫోటో తీసి ఉంచుకోండి. వెనక అట్ట అంటించకండి. బొమ్మ చుట్టూ ప్లాస్టిక్ కవరు వేయండి, చూసేవాళ్ల చేతికి ఇవ్వకండి. ఇంటికొచ్చాక ఎండ తగిలే గోడకి తగిలించకండి, ఈ ఇంకు వెలిసిపోతుంది.

రాత్రి ఆమదాలవలసకి ఫోన్ చేసి మామ్మకి చెప్పాను. "నా బుగ్గ మీద ఎంగిలేలు ఎట్టినోడు ఎవడ్రా?" అని అడిగింది. ఆదివారం బస్సెక్కి వస్తానంది.