నాయన రిపోర్టులో ఖాళీ గడి

మార్చిలో నాయనకు పరగడుపున చేయించిన రక్తపరీక్షలో ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, ఉండాల్సిన చోట అంకె లేదు, గీత కొట్టి ఉంది. అనంతపురం ఎండలో మళ్లీ ల్యాబ్‌కు పోయి గొడవపడి వచ్చాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. తప్పు వాళ్లది కాదు. చాలాచోట్ల ఎల్‌డీఎల్‌ను విడిగా కొలవరు, లెక్క కడతారు: మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్‌నూ, రక్తంలో తిరిగే కొవ్వు అయిన ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతునూ తీసేస్తారు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఆ లెక్క పనికిరాదు. నాయనకు 486. నాయనకు షుగర్ ఉంది; రెండు మూడు నెలల చక్కెర సంగతి చెప్పే ఏ1సీ అయితే 10.2, అదీ బాగా ఎక్కువే.

అమ్మ ఆ 486 చూసి నేరుగా నూనె డబ్బా మీద పడింది. మిరపకాయ బజ్జి బంద్. పక్కన ఉగ్గాని మాత్రం గిన్నె నిండా అలాగే ఉంది. రాత్రికి సంగటి, షుగర్‌కు మంచిదని రెండు ముద్దలు, అందులో బియ్యం కూడా ఉంటుందని మా ఇంట్లో ఎవరికీ గుర్తు రాదు.

ఇన్సులిన్ చక్కెర పని ఒక్కటే చూస్తుందనుకునేవాణ్ణి. ఒంట్లోని కొవ్వు గాదెకు గడియ పెట్టేదీ అదేనని డాక్టర్ చెప్పాక తెలిసింది. అది సరిగా పనిచేయకపోతే గాదెలోని కొవ్వు రక్తంలోకి జారి కాలేయానికి చేరుతుంది, కాలేయం దాన్ని ట్రైగ్లిజరైడ్లు నిండిన వీఎల్‌డీఎల్ అనే మూటలుగా కట్టి మళ్లీ రక్తంలోకే తోలుతుంది, ఆ మూటలు విప్పే ఎంజైముకూ ఇన్సులిన్ అండ కావాలి కాబట్టి అదీ మందగిస్తుంది. ఇంక ట్రైగ్లిజరైడ్లు పేరుకోక ఏం చేస్తాయి? పైగా హెచ్‌డీఎల్ తగ్గుతుంది, ఎల్‌డీఎల్ కణాలు చిన్నవై చిక్కబడతాయి.

షుగర్ మాత్రలు నాయన పూట తప్పకుండా వేసుకున్నాడు. ఉగ్గాని సగమైంది, సంగటి ఒక్క ముద్దకు దిగింది. జూన్‌లో ఏ1సీ 7.4, ట్రైగ్లిజరైడ్లు 190. గడిలో అంకె కూడా వచ్చింది: 205లోంచి 36, 38 తీస్తే 131.

"చూసినావా, చక్కెర తగ్గితే అన్నీ తగ్గినాయి" అని నాయన మురిసిపోయాడు. నా కళ్లు 131 దగ్గరే ఆగాయి. షుగర్ ఉన్నవాళ్లకు అది వందలోపు, ముప్పు ఎక్కువైతే 70 లోపు ఉండాలంటారు. చక్కెర అదుపులోకొస్తే ట్రైగ్లిజరైడ్లు దిగినంతగా ఎల్‌డీఎల్ దిగదు. దానికి డాక్టర్ మార్చిలోనే అటోర్వాస్టాటిన్ రాశారు, రాత్రికి ఒకటి.

మందుల డబ్బా తెరిచి చూశాను. షీటులో పది మాత్రలూ పదిలంగా ఉన్నాయి.

"అది కొవ్వు మాత్ర కదప్పా, నూనె మానేసినా గదా" అన్నాడు నాయన.