అణుబాంబులో పగిలేది అణువు కాదు

డాలస్‌లో ఆరో గ్రేడ్ చదువుతున్న మా అమ్మాయికి మొన్న సైన్స్ హోంవర్క్ ఇచ్చారు. ఆటమ్‌కీ మాలిక్యూల్‌కీ తేడా రాయాలి. ఇంట్లో తెలుగే మాట్లాడతాం గానీ, చదువు దగ్గరకొచ్చేసరికి నాకు ఇంగ్లీషే వచ్చేస్తుంది. ఆ రోజు పట్టుబట్టి తెలుగులో చెప్పాను. ఆటమ్ అంటే పరమాణువు, మాలిక్యూల్ అంటే అణువు, మామూలుగా కొన్ని పరమాణువులు కలిస్తే ఏర్పడేది.

"మరి తాతయ్య అణుబాంబు అంటారు కదమ్మా? అది మాలిక్యూల్ బాంబా?"

నాకు నోట మాట రాలేదు. బాంబులో పగిలేది యురేనియం లేదా ప్లుటోనియం పరమాణువు, అందులోనూ దాని కేంద్రకం. పేపర్లన్నీ అణుబాంబు, అణువిద్యుత్తు అనే రాస్తాయి. బడి పుస్తకంలో మాత్రం అణువంటే మాలిక్యూలే. ఇన్నేళ్లలో నాకు రాని అనుమానం దానికొచ్చింది. ఎంత సంతోషమేసిందో!

ఈ తికమక కొత్తేం కాదనీ, పరమాణు సిద్ధాంతంతో అంత పేరున్న డాల్టనే నీటి అణువుని 'సంయుక్త పరమాణువు' అన్నాడనీ, అందులో హైడ్రోజన్ పరమాణువు ఒక్కటే ఉందనుకున్నాడనీ చెప్పాను. హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువుల కణాలు రెండుగా విడిపోగలవని ఇటలీ శాస్త్రవేత్త అవగాడ్రో 1811లోనే చెప్పినా, ఆ దేశానికే చెందిన కనిజారో 1860లో గట్టిగా వాదించేదాకా చాలామంది పట్టించుకోలేదు.

నీటి అణువు చేసి చూపిద్దామని గుగ్గిళ్ల కోసం నానబెట్టిన శనగలు తీశాను. కాబూలీ శనగ ఆక్సిజన్, నల్ల శనగలు హైడ్రోజన్. టూత్‌పిక్‌తో రెండు నల్లవి అటూ ఇటూ గుచ్చి, నిటారుగా కాకుండా కాస్త వంచమన్నాను. ఆ కోణం దాదాపు 104.5 డిగ్రీలు. రెండు కాబూలీలు గుచ్చితే మనం పీల్చే ఆక్సిజన్, మూడైతే ఓజోన్. పుల్లలేని ఒంటి శనగని పట్టుకుని "ఇది?" అంది. హీలియం, బెలూన్లలో నింపేది. దానికి జత అక్కర్లేదు, ఒక్క పరమాణువే చాలు.

తర్వాత ఉప్పు డబ్బా తెచ్చింది. "దీని అణువు చేద్దాం." అక్కడ మళ్లీ ఆగిపోయాను. రాజమండ్రికి ఫోన్ చేస్తే, సైన్స్ టీచరుగా రిటైరైన నాన్న చెప్పారు: "ఉప్పుకి విడిగా అణువుండదు తల్లీ. సోడియం, క్లోరిన్ అయాన్లు, అంటే విద్యుదావేశమున్న పరమాణువులు, గళ్లు గళ్లుగా ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఉంటాయి. ఎక్కడ మొదలు, ఎక్కడ చివర అని గీత గీయలేవు."

మా అమ్మాయి నోట్‌బుక్‌లో ఇంగ్లీషు జవాబు రాసి, కింద తెలుగులో 'అణువు' అని రాసుకుంది. 'ణ' మూడుసార్లు చెరిపి రాసింది.