తలంబ్రాలు తినేసిన బిట్లు

మంగళవారం. ముహూర్తాలు లేవు, మిక్సింగ్ గదిలో పాత బాకీలు తీరుస్తున్నాం. పొద్దున్నే పెళ్లికూతురి నాన్నగారు పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చారు. వాళ్ల పాత టీవీ, పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు సర్దే పాత పద్ధతి ఎఫ్ఏటీ32 తప్ప ఇంకోటి చదవదట. అంటే ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. పెళ్లి వీడియో ఏమో మూడు గంటలు. రెండు ముక్కలుగా ఇస్తానంటే, "మా అమ్మకి రిమోట్ నొక్కడం రాదు బాబూ, ఒక్కటే చెయ్యి" అన్నారు.

లెక్కేస్తే సెకనుకు మొత్తం 3,180 కిలోబిట్ల దాకా వస్తుంది. ఆడియోకి 128 తీసి, కాస్త వెసులుబాటు ఉంచుకుని, వీడియోకి 2,900 అని వీడియోని కుదించే ఎన్‌కోడర్ ఎక్స్264లో టూ పాస్ (వీడియోని రెండుసార్లు నడపడం) పెట్టాను. మామూలుగా సీఆర్ఎఫ్‌తో, అంటే నాణ్యత ఇంతుండాలని చెప్పి, కానిచ్చేస్తాను, సైజు ఎంతొస్తే అంత. ఇవాళ సైజు ముందే ఖాయం కాబట్టి, మొదటి పాస్‌లో సినిమా అంతా చూసుకుని రెండో పాస్‌లో బిట్లు పంచుకోవాల్సిందే.

మొదటి పాస్ లాగ్ చూస్తూ మా కుర్రాడు, "అన్నా, ఇక్కడేంటి ఇంత తినేస్తోంది?" అన్నాడు. ఇంకేముంది, తలంబ్రాలు! కెమెరా పక్కకి జరిగితే ఎన్‌కోడర్ పాత ఫ్రేములోంచే ముక్కలు జరిపి వాడుకుంటుంది. గాల్లో వేల గింజలు తలోదిక్కుకీ ఎగురుతుంటే దేన్ని ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటుంది? దాదాపు ప్రతి ఫ్రేమూ కొత్త బొమ్మే. అడిగినంతా ఇస్తే మిగతా పెళ్లికి ఏమీ మిగలదు. అందుకే ఈ పంపకాన్ని నడిపే సెట్టింగ్, క్యూకాంప్, డిఫాల్ట్ 0.6. సున్నా అయితే ప్రతి సెకనుకీ సమానంగా పంచాలని చూస్తుంది, 1 అయితే కష్టమైన సీనుకి అడిగినంతా రాసిచ్చేస్తుంది. 0.6 ఎక్కువే ఇస్తుంది గానీ పూర్తిగా లొంగదు. ఆ గందరగోళంలో చిన్న చిన్న మసకలు కంటికి ఆనవు కూడా.

జీలకర్ర బెల్లం దగ్గర ఇంకో తమాషా. అటు నలుగురు, ఇటు నలుగురు ఫోటోగ్రాఫర్లు, ఫ్లాష్ మీద ఫ్లాష్. ఒక్క ఫ్రేము తెల్లబడిపోతుంది, కొన్నిసార్లు రోలింగ్ షట్టర్ (కెమెరా ఫ్రేముని వరసవరసగా చదవడం) వల్ల సగం ఫ్రేమే. తెలివితక్కువ డిటెక్టర్ అయితే వెలుగొచ్చినప్పుడు ఒక సీను మారిందనీ, పోయినప్పుడు ఇంకోటి మారిందనీ రెండు ఐ-ఫ్రేములు (పాత ఫ్రేముల సాయం లేకుండా బొమ్మంతా దాచేవి) వేసి బిట్లు తగలేస్తుంది. ఎక్స్264 కొంచెం ముందుకి తొంగి చూస్తుంది: వెలుగు పోయాక మళ్లీ పాత బొమ్మే వస్తే అది సీను మారడం కాదు, ఉత్త మెరుపు అని వదిలేస్తుంది. ఇక మనం మోజుపడి వేసే క్రాస్‌ఫేడ్‌లు? అక్కడ కట్ అని పట్టుకోవడానికి ఒక్క చోటంటూ ఉండదు, ప్రతి ఫ్రేమూ రెండు బొమ్మల కలగూర. నాకైతే మామూలు కట్టే ముద్దు. కస్టమర్లే ఒప్పుకోరు.

అసలు తంటా అప్పగింతల్లో. రాత్రి, మసక వెలుతురు, పెద్దగా కదలని ముఖాలు. ఎన్‌కోడర్ లెక్కలో అది తేలిక సీను, కొంచెం ఇస్తే చాలు. ఆ ఇంట్లోవాళ్లు ఆపి ఆపి చూసేది మాత్రం అదే, అక్కడ చెంపల మీద గళ్లు తేలితే ఊరుకుంటారా? జోన్స్ ఆప్షన్‌లో ఆ ఫ్రేముల నంబర్లు ఇచ్చి బిట్‌రేటు 1.4 రెట్లు చేశాను. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు.

"మరి తలంబ్రాలు ఇంకొంచెం మెత్తబడతాయేమో అన్నా?"

"పడనీరా."

సాయంత్రానికి ఫైలు 3.8 జీబీ దగ్గర తేలింది. షాపు టీవీలో పెట్టి చూశాం, చెంపలు బాగున్నాయి. తలంబ్రాల దగ్గర మా వాడు స్క్రీన్‌కి ముక్కు ఆనించి మరీ వెతికి, రెండు చోట్ల గళ్లు చూపించాడు. పెన్‌డ్రైవ్ కవర్లో పెట్టి ఆయనకి ఫోన్ చేశాను.