లాంబ్డా ఎక్కడికి పోయింది?

నోటుబుక్కులో మూడో పేజీకి వచ్చేసరికి సమీకరణంలో లాంబ్డా అనే గుర్తు కనిపించలేదు. ఎక్కడో వదిలేశాననుకుని మొదటి నుంచీ మళ్లీ రాశాను. మళ్లీ అదే.

చేస్తున్న లెక్క పాతదే. బరువైన నక్షత్రం పక్క నుంచి వెళ్లే కాంతి ఎంత వంగుతుంది? సూర్యుడి అంచును రాసుకుంటూ వచ్చే కాంతికి 1.75 ఆర్క్ సెకన్లు (ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). 1919 మే 29 గ్రహణం నాడు ప్రిన్సిపే దీవిలో ఎడింగ్టన్, బ్రెజిల్‌లోని సొబ్రాల్‌లో ఇంకో బృందం ఫొటోలు తీసి సరిచూసింది దీన్నే. ఆ లెక్కలో విశ్వ స్థిరాంకాన్ని, అంటే విశ్వ వ్యాకోచాన్ని వేగవంతం చేసే లాంబ్డాని, సున్నా అనుకుంటారు. నేను దాన్ని ఉంచి చూద్దామనుకున్నాను. అందుకు కావలసిన స్థలకాల జ్యామితిని భౌతిక శాస్త్రవేత్త కాట్లర్ 1918లోనే ఇచ్చాడు.

కాంతి దారికి మొదట వచ్చే సమీకరణంలో లాంబ్డా ఉంది. కానీ దేనితోనూ గుణించకుండా, లాంబ్డా బై మూడు అని విడిగా కూర్చుని ఉంది. ఒక్కసారి డిఫరెన్షియేట్ చేస్తే పోయింది! మిగిలింది లాంబ్డా లేనప్పుడు వచ్చే సమీకరణమే, అక్షరం పొల్లుపోకుండా. 1983లో ఇస్లాం ఈ సంగతి చూపించాక, కాంతి వంపుకీ లాంబ్డాకీ సంబంధం లేదనే మాట చాలా ఏళ్లు నిలబడింది.

2007లో రిండ్లర్, ఇషాక్ దాన్ని కదిపారు. వాళ్ల వాదన నాకు అర్థమైంది ఒక రబ్బరు షీటు ఊహించుకున్నాకే. షీటు మీద గళ్లు గీసి, వాటి మీదుగా ఒక వంపు గీత గీయండి. ఇప్పుడు షీటును ఒక పక్కకి లాగండి. గీత ఏయే గళ్ల గుండా పోతుందో ఏమీ మారదు. ప్రొట్రాక్టర్ పెట్టి కొలిస్తే మాత్రం కోణం వేరే వస్తుంది. నా సమీకరణం చెప్పింది గళ్ల సంగతి. టెలిస్కోపు కొలిచేది కోణం. ఆ లాగుడులో లాంబ్డా ఉంది. పైగా ఈ జ్యామితిలో దూరం పోయేకొద్దీ లాంబ్డా ప్రభావం పెరుగుతుంది కాబట్టి, మామూలుగా చేసినట్టు చూసేవాణ్ణి అనంత దూరంలో నిలబెట్టి కొలవడం కుదరదు.

అక్కడితో అయిపోలేదు. కొలిచే మనిషి కదలకుండా ఉన్నాడా, విశ్వంతో పాటు వ్యాకోచిస్తూ పోతున్నాడా? కదలికని బట్టి కూడా కోణం మారుతుంది. 2010లో సింప్సన్, పీకాక్, హెవెన్స్ వ్యాకోచించే విశ్వంలోనే లెక్క మొదలుపెట్టి, లాంబ్డా పాత్ర అంతా మనకీ, కటకానికీ (అంటే మధ్యలో ఉండి కాంతిని వంచే బరువుకీ), వెనకున్న గెలాక్సీకీ మధ్య దూరాల్లోనే ఇమిడిపోతుందని, విడిగా కలపాల్సింది ఏమీ లేదని వాదించారు. నేను వీళ్ల వైపే. మనం నిజంగా ఉన్నది వ్యాకోచించే విశ్వంలో కదా, కొలత కూడా అక్కడి నుంచే మొదలవ్వాలి.

సూర్యుడి దగ్గరైతే ఈ వాదనంతా ఎవరికీ పట్టదు. చదరపు మీటరుకి లాంబ్డా విలువ రాయాలంటే దశాంశ బిందువు తర్వాత 51 సున్నాలు పెట్టి అప్పుడు 11 రాయాలి. తేడా తెలిసేది గెలాక్సీ గుంపుల దగ్గర. ఏబెల్ 1689 అనే గుంపు ఫొటోని పెద్దది చేసి చూడండి. గుంపు చుట్టూ సన్నటి నీలి చాపాలు కనిపిస్తాయి, ఎంతో వెనకున్న గెలాక్సీలు అలా సాగిపోయాయి. 2010లోనే ఆ గుంపు వెనకున్న ఒక్కో గెలాక్సీకి ఏర్పడిన వేర్వేరు ప్రతిబింబాల స్థానాలని కొలిచి, ఆ దూరాల ద్వారానే డార్క్ ఎనర్జీ (లాంబ్డా దాని అతి సరళ రూపం) లెక్క కట్టారు. నా నోటుబుక్కులో మాయమైన లాంబ్డా ఆ చాపాల్లో దొరికింది.