నిలువు వృత్తం దగ్గర ఆగిపోయిన నా ఏడాది: జేఈఈ మెయిన్ ప్రిపరేషన్ అనుభవాలు

ఏప్రిల్ సెషన్ ఫలితాలు వచ్చి నాలుగు రోజులైంది. 2024లో ఫిజిక్స్‌లో 71 పర్సంటైల్ దగ్గర ఆగిపోయిన నేను 2025లో అదే సబ్జెక్టులో 98 దాటాను. మా ఇంట్లో వాళ్ళు ఆ స్కోర్ కార్డును ఇంకా చుట్టాలకు చూపిస్తూనే ఉన్నారు. లాంగ్ టర్మ్ (ఇంటర్ అయ్యాక మరో ఏడాది కోచింగ్) తీసుకుంటానన్నప్పుడు ఏడాది వృథా చేసుకుంటున్నానని అన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకు జవాబు చెప్పడం కోసం కాదు గానీ, ఆ ఏడాది నిజంగా దేనికి ఖర్చయిందో రాసి పెడితే ఇప్పుడు అదే చోట ఇరుక్కున్న మిత్రులకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను. సిలబస్, ప్రశ్నపత్రం తీరు మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. మెకానిక్స్‌లో శక్తి నిత్యత్వమూ వృత్తాకార చలనమూ కలిసే చోటు గురించి మాత్రమే చెబుతాను, ఎందుకంటే నేను పడిందీ అక్కడే, లేచిందీ అక్కడే.

మాది మదనపల్లె. ఇంటర్ అక్కడ పూర్తి చేసి, 2024 జూన్‌లో బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్న చిన్నాన్న వాళ్ళింటికి వచ్చి కోచింగ్‌లో చేరాను. చిన్నాన్న ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళోనే మేస్త్రీ పని చేస్తున్నాడు. నేను వచ్చేటప్పటికి నిలువు వృత్తం గురించి, అంటే దారానికి కట్టిన గుండు కింది నుంచి పైకి చుట్టు తిరగడం గురించి, నాకు తెలిసిందంతా ఒక చిన్న పట్టిక. దారం పొడవు ఎల్, గుండు ద్రవ్యరాశి ఎం, గురుత్వ త్వరణం జీ అయితే, పూర్తి చుట్టు తిరగడానికి కావలసిన కనీస వడి అడుగున రూట్ 5జీఎల్, మధ్యలో రూట్ 3జీఎల్, పైన రూట్ జీఎల్, అడుగుకూ పైకీ టెన్షన్ (దారం లాగే బలం) తేడా 6ఎంజీ. ఇంటర్ మొదటి ఏడాదిలో ఈ నాలుగూ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడిని, అందువల్ల ఆ అధ్యాయం నాకు వచ్చేసిందని మనస్ఫూర్తిగా నమ్మాను.

ఆగస్టులో జరిగిన ఒక వారాంతపు పరీక్షలో ఈ ప్రశ్న వచ్చింది. ఎల్ పొడవున్న తేలికైన దారానికి ఒక గుండు వేలాడుతున్నది. దానికి అడుగున అడ్డంగా యూ అనే వడి ఇచ్చారు, యూ స్క్వేర్ విలువ 3.5జీఎల్. అడుగు బిందువు నుంచి ఆ గుండు చేరే గరిష్ఠ ఎత్తు ఎంత? నేను క్షణం కూడా ఆలోచించలేదు. అడుగున ఉన్న గతిశక్తి అంతా పైన స్థితిశక్తిగా మారుతుంది, కాబట్టి యూ స్క్వేర్ బై 2జీ, అంటే 7ఎల్ బై 4. ఆ జవాబు ఆప్షన్లలో ఉంది, పెట్టేసి ముందుకు వెళ్ళాను. సరైన జవాబు 27ఎల్ బై 16. నాలుగు మార్కులు పోవడమే కాక ఒక మార్కు మైనస్ కూడా పడింది, అదే పేపర్లో ఇదే జాతి ప్రశ్నలు మరో రెండు అలాగే పోయాయి. నన్ను కుదిపేసింది మార్కులు పోవడం కాదు. శక్తి నిత్యత్వ నియమం తప్పదు కదా, మరి నా జవాబు ఎలా తప్పింది? జవాబుల కీలో టెన్షన్ సున్నా అయ్యే కోణం కనుక్కోవాలని ఒక్క వాక్యం మాత్రమే ఉంది. కోచింగ్‌లో అడగడానికి వెళ్తే ఇలాంటి వాటికి ఒక సూత్రం ఉంది, గుర్తుపెట్టుకుంటే చాలు అన్నారు. ఆ సూత్రాన్నీ నా పట్టికలో ఐదోదిగా రాసుకున్నాను, కానీ ఎందుకన్నది తెలియకుండా రాసుకున్న సూత్రం వారం తిరిగేసరికి మరచిపోయాను.

ఒక ఆదివారం సాయంత్రం మిద్దె మీద కూర్చుని ఆ లెక్కనే మళ్ళీ చూస్తున్నప్పుడు, పనిముట్ల సంచి సర్దుకుంటున్న చిన్నాన్న ఏమిటని అడిగాడు. బొమ్మ చూపించాను. గోడ నిలువు చూసుకొనే గుండు తీసి, దానికి పాత గుడ్డ చుట్టి, బట్టలు ఆరేసుకొనే ఇనుప పైపుకు మూరెడు పొడవున వేలాడేటట్టు కట్టాడు. పసుపు రంగు నైలాన్ దారం. కొట్టి చూడు అన్నాడు. అరచేత్తో మెల్లగా తడితే గుండు పైపు ఎత్తుకు కూడా రాకుండా వెనక్కి ఊగింది. గట్టిగా కొడితే పూర్తి చుట్టు తిరిగింది. ఈ రెంటికీ నడుమ, ఒక మోస్తరు బలంతో కొట్టినప్పుడు, నేను పుస్తకంలో ఎన్నడూ చూడనిది కంటికి కనిపించింది: గుండు పైపు దాటి పైకి వెళ్ళింది, అంతవరకు గీత గీసినట్టున్న దారం ఉన్నట్టుండి మెత్తబడి వంగిపోయింది, గుండు వృత్తం విడిచి లోపలి వైపుకు ఒంగుతూ పడింది, పడుతూ పడుతూ దారాన్ని టప్పున లాగేసరికి పైపు మోగింది. చిన్నాన్న ఆ దారాన్ని వేలితో పట్టుకుని, "దారం బిగుతుగా ఉన్నంతసేపే రా దాని మాట వినాల. వదులైతే అది ఉన్నా లేనట్టే" అన్నాడు. ఆయన చెప్పింది గోడ నిలువు చూసే పని గురించి. నాకు మాత్రం ఆ ప్రశ్నలో నేను వదిలేసిన సగం అందులో దొరికింది.

ఆ రాత్రి లెక్కను మొదటి నుంచి చేశాను. మీరు కూడా కాగితం తీసుకుని నాతోపాటు చేయండి. కేంద్రం నుంచి గీసిన అడ్డగీతకు పైన దారం తీటా కోణంలో ఉన్నప్పుడు, అడుగు నుంచి గుండు ఎత్తు ఎల్ ఇంటూ (1 + సైన్ తీటా). అక్కడి వడి వీ అనుకుంటే, శక్తి నిత్యత్వం ప్రకారం వీ స్క్వేర్ = యూ స్క్వేర్ - 2జీఎల్ ఇంటూ (1 + సైన్ తీటా). ఇది మొదటి సమీకరణం, నేను ఎప్పుడూ ఇక్కడితో ఆపేసేవాడిని. రెండోది దారం వెంట, కేంద్రం వైపు రాసే న్యూటన్ నియమం: టెన్షన్ + ఎంజీ సైన్ తీటా = ఎంవీ స్క్వేర్ బై ఎల్. దారం లాగగలదు గానీ తోయలేదు, అంటే టెన్షన్ సున్నా కంటే తగ్గడానికి వీల్లేదు. అది సున్నా అయిన చోట వీ స్క్వేర్ = జీఎల్ సైన్ తీటా. ఈ రెంటినీ కలిపితే యూ స్క్వేర్ = 2జీఎల్ + 3జీఎల్ సైన్ తీటా. మన ప్రశ్నలో యూ స్క్వేర్ 3.5జీఎల్ కాబట్టి సైన్ తీటా సగం, అంటే 30 డిగ్రీలు. అప్పటికి గుండు 1.5ఎల్ ఎత్తులో ఉంది, వీ స్క్వేర్ విలువ జీఎల్ బై 2. అక్కడి నుంచి అది వృత్తంలో లేదు, గాలిలోకి విసిరిన రాయిలాంటిదే. వేగం దారానికి లంబంగా ఉంటుంది కనుక నిలువు భాగం వీ కాస్ 30, దాని వర్గం 3జీఎల్ బై 8, దానివల్ల పెరిగే ఎత్తు 3ఎల్ బై 16. మొత్తం 27ఎల్ బై 16.

నా జవాబుకూ దీనికీ తేడా సరిగ్గా ఎల్ బై 16. ఆ తేడా ఎక్కడికి పోయిందో వెతికాను. పై చివర గుండు ఆగదు, అడ్డంగా కదులుతూనే ఉంటుంది. ఆ అడ్డ భాగం వీ సైన్ 30, దాని వర్గం జీఎల్ బై 8, దాన్ని 2జీతో భాగిస్తే ఎల్ బై 16! శక్తి ఎక్కడికీ పోలేదు, పై చివరన కూడా గతిశక్తిగా మిగిలే ఉంది. గరిష్ఠ ఎత్తులో వడి సున్నా అని నాకు నేనే అనుకున్నాను, ఆ మాట నియమం ఎక్కడా చెప్పలేదు. నిమిషంలో తేలిపోయే ఈ లెక్కను సరిచూసుకున్నప్పుడు కలిగిన ఆనందం ఫలితాలు చూసిన రోజున కూడా కలగలేదంటే మీరు నమ్మాలి.

గుండు వృత్తంలో ఉన్నంతసేపూ టెన్షన్ వేగానికి లంబంగా ఉంటుంది, కనుక అది పని చేయదు, కనుకనే శక్తి సమీకరణంలో దానికి చోటు లేదు. మనకు ఈ అధ్యాయాన్ని సులభం చేసేదీ అదే, మోసం చేసేదీ అదే. ఏ ఎత్తులో ఎంత వడి ఉంటుందో శక్తి సమీకరణం చెబుతుంది. వస్తువు అసలు ఆ ఎత్తుకు అదే దారిలో వెళ్తుందా లేదా అన్నది దానికి తెలియదు, ఎందుకంటే దారాన్ని మనమే అందులో నుంచి తీసేశాం. ఆ సంగతి చెప్పవలసింది వ్యాసార్థం వెంట రాసిన రెండో సమీకరణమే. మూరెడు దారం, అంటే సుమారు 45 సెంటీమీటర్లు తీసుకుంటే, ఇచ్చిన వడి సెకనుకు సుమారు 3 మీటర్ల లోపు ఉన్నంతవరకు గుండు ఊగుతుంది, 4.7 మీటర్లు దాటితే పూర్తిగా తిరుగుతుంది. ఆ నడుమ ఉన్న భాగమే ప్రశ్నలు పుట్టే చోటు, నా పట్టికలో అసలు లేనిదీ అదే.

ఇది అర్థమయ్యాక మిగతావి ఒకదాని వెంట ఒకటి విడిపోయాయి. దారం బదులు తేలికైన కడ్డీ ఉంటే అది తోయగలదు కూడా, అందుకే పైన వడి సున్నా అయినా సరిపోతుంది, అడుగున రూట్ 4జీఎల్ చాలు. నున్నటి అర్ధగోళం మీది నుంచి జారే వస్తువు విషయంలో ఉపరితలం తోయగలదు గానీ లాగలేదు, అందువల్ల ఉపరితలం తోసే అభిలంబ బలం సున్నా అయిన చోట, అంటే వ్యాసార్థంలో మూడో వంతు కిందికి దిగాక, వస్తువు ఉపరితలాన్ని విడిచిపెడుతుంది. ఆ మూడో వంతు ద్రవ్యరాశి మీదా జీ మీదా ఆధారపడదు, చంద్రుడి మీద చేసినా అంతే. ఆర్ వ్యాసార్థమున్న వృత్తాకారపు లూప్‌లో ఘర్షణ లేకుండా జారే దిమ్మెను శక్తి ఒక్కటే చూస్తే 2ఆర్ ఎత్తు నుంచి వదిలితే చాలనిపిస్తుంది, కావలసింది 2.5ఆర్. జారకుండా దొర్లే చిన్న ఘనగోళమైతే కొంత శక్తి భ్రమణానికి పోతుంది కనుక 2.7ఆర్.

మేకు లెక్క గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎల్ పొడవు లోలకాన్ని అడ్డంగా పట్టుకుని వదులుతారు, వేలాడదీసిన బిందువుకు నేరుగా కింద డీ దూరంలో ఒక మేకు ఉంటుంది, గుండు ఆ మేకు చుట్టూ పూర్తిగా తిరగాలంటే డీ కనీసం ఎంత? శక్తి మాత్రమే చూస్తే ఎల్ బై 2, రెండో సమీకరణం కూడా రాస్తే 3ఎల్ బై 5. గెలీలియో 1638లో అచ్చయిన తన గ్రంథంలో ఈ మేకు ప్రయోగాన్నే వివరించాడు. దారం మేకుకు తగిలినా గుండు వదిలిన ఎత్తుకే చేరుతుందని చూపించి, మేకు మరీ కిందికి ఉంటే దారం దాని మీదుగా దూకి చుట్టుకుంటుందని కూడా రాశాడు. శక్తి నిత్యత్వం అన్న మాటే ఇంకా పుట్టని రోజుల్లో ఆయన అంత దూరం చూశాడు. 7ఎల్ బై 4, 2ఆర్, ఎల్ బై 2, ఇలా సగం ఆలోచనతో వచ్చే జవాబు ఆప్షన్లలో ఎప్పుడూ మనకోసం కాచుకుని ఉంటుందని గమనించండి.

ఇక నేను పాటించిన పద్ధతి ఒక్కటే. సెప్టెంబరు నుంచి, వృత్తం కనిపించిన ప్రతి లెక్కకు ఏ సూత్రమూ రాయకముందే పక్కన రెండు గీతలు గీసి, ఒకదాని మీద శక్తి సమీకరణం, రెండోదాని మీద వ్యాసార్థం వెంట బలాల సమీకరణం రాసేవాడిని. వాటి కింద ఒక ప్రశ్న: ఇక్కడ వస్తువును పట్టి ఉంచేది లాగగలదా, తోయగలదా, రెండూ చేయగలదా? దీనివల్ల నా వేగం తగ్గిందని స్నేహితులు హెచ్చరించారు, అక్టోబరులో మార్కులు కూడా తగ్గాయి. అయినా మానలేదు, మానకపోవడం సరైన నిర్ణయమేనని ఇప్పటికీ గట్టిగా చెబుతాను. రోజుకు ఎన్ని లెక్కలు చేశామని కాదు, తప్పిన లెక్కను మరునాడు మళ్ళీ ఖాళీ కాగితం మీద చేశామా లేదా అని మనల్ని మనం అడగాలి. మన క్రమశిక్షణ ఎంతో తెలిసేది ఎవరూ అడగని ఆ రెండో రోజునే. 2025 నుంచి జవాబుగా సంఖ్య ఇవ్వవలసిన సెక్షన్ బిలో ఛాయిస్ తీసేసి సబ్జెక్టుకు ఐదు ప్రశ్నలూ తప్పనిసరి చేశారు కాబట్టి, నచ్చని అధ్యాయాన్ని పక్కన పెట్టి బయటపడే దారి కూడా మూసుకుపోయింది. కెమిస్ట్రీ, మ్యాథ్స్ అందరిలాగే చదివాను, వాటి గురించి నా దగ్గర కొత్తగా చెప్పవలసింది లేదు.

చివరగా మీకోసం ఒక లెక్క. పరీక్షకు ముందు రాత్రి నేను చేసుకున్నది ఇదే. ఎల్ పొడవు దారానికి వేలాడే గుండుకు అడుగున ఎంత వడి ఇస్తే, దారం వదులైన తరువాత అది సరిగ్గా వేలాడదీసిన బిందువు గుండానే వెళ్తుంది? పైన రాసిన రెండు సమీకరణాలూ, ప్రక్షేపకం లెక్కా చాలు. సైన్ తీటా 1 బై రూట్ 3 వస్తుంది, యూ స్క్వేర్ = (2 + రూట్ 3) ఇంటూ జీఎల్. జవాబు ముందే చెప్పేశాను కనుక, దారి మీరు వేసుకోండి.